బరువు కర్ర మీద దిగాలి, మేకు మీద కాదు

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాడికి చేపలంటే ప్రాణం. పరీక్షలయ్యాక కొంటానని మాటిచ్చాను కాబట్టి పెద్ద అక్వేరియం కొన్నాం. పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర, 10 మిల్లీమీటర్ల అద్దం. పాత చిన్న తొట్టికి వాడిన ఇనప స్టాండు ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలిపోయింది. అందుకే ఈసారి చెక్కతో నేనూ మా అబ్బాయీ కలిసి స్టాండు చేద్దామనుకుంటున్నాం. మా అత్తగారి ఊళ్లో పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు ద్వారబంధాలు రెండు పెరట్లో ఉన్నాయి. అవి పనికొస్తాయా? మా వీధి వడ్రంగి మాత్రం ప్లైవుడ్‌తో పెట్టెలా కొట్టి, మేకులు గట్టిగా దిగ్గొట్టి, సన్మైకా అంటిస్తే చాలంటున్నాడు. తొట్టి పెట్టేది మేడమీద ముందుగదిలో. అంత బరువుకి శ్లాబు ఆగుతుందా అని మావారి భయం. వివరంగా చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ముందు ఆ ద్వారబంధాలను వానకి తడవకుండా లోపల పెట్టించండి. మీకు కావలసిన సరుకు అదే. ఏళ్ల తరబడి ఎండనీ వాననీ చూసిన టేకు ఇక వంగేదీ మెలి తిరిగేదీ పెద్దగా ఉండదు. ఇప్పుడు టింబర్ డిపోకి వెళ్లి ఎంత డబ్బు పోసినా అంత ఆరిన కర్ర దొరకడం కష్టం.

ఇక బరువు సంగతి. నీళ్లు అంచుదాకా పోస్తే 250 లీటర్లు, అంటే 250 కిలోలు. 10 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి 25 కిలోలు తూగుతుంది. మీ తొట్టికి రెండు చదరపు మీటర్ల పైచిలుకు అద్దం పట్టి ఉంటుంది, అది ఒక 50 కిలోలు. అడుగున రెండంగుళాల మందం గులకరాళ్లు పరిస్తే మరో 45. మూత, లైటు, ఫిల్టరు, అలంకారం రాళ్లు ఉండనే ఉన్నాయి. రాళ్లున్న చోట నీళ్లుండవని కొంత తీసేసినా లెక్క 350 కిలోల దగ్గర ఆగుతుంది. ఏడు సిమెంటు బస్తాలన్నమాట. అవి ఒక పూట ఉండి వెళ్లిపోయేవి కావు, రాత్రీ పగలూ ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటాయి. కర్ర ఒక గంట మోయగలిగిన బరువు వేరు, పదేళ్లు మోయగలిగిన బరువు వేరు. పుస్తకాలు పెట్టిన అల్మారా అర మెల్లగా నడుం వంచడం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు మీ వడ్రంగి చెప్పిన పద్ధతి. చెక్కను చెక్క పక్కన పెట్టి మేకులు కొడితే ఈ 350 కిలోలూ ఆ మేకులకి వేలాడతాయి. మొదటి ఆరు నెలలు ఏమీ తెలియదు. కాకినాడ వానాకాలానికి చెక్క ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుంటుంది. ఒక్కో ఋతువుకి మేకు చుట్టూ కన్నం ఒక వెంట్రుకవాసి వదులవుతుంది. ఆ తర్వాత ఒకరోజు మూల దిగిపోతుంది. మేకు చేయాల్సిన పని కర్రను కర్రకు ఆనించి కదలకుండా పట్టుకోవడమే. మోయడం దాని పని కాదు. నీళ్ల బరువు అద్దం నుంచి పైపలకకి, పలక నుంచి పట్టెకి, పట్టె నుంచి కాలికి, కాలి నుంచి నేలకి దిగాలి. ప్రతి మెట్టులోనూ కర్ర కర్ర నెత్తి మీద కూర్చుని ఉండాలి.

మా నాన్న వడ్రంగం చేసేవారు. స్టూలు చేసినా పీట చేసినా మేకు కొట్టకముందే, అన్నీ అమర్చి, దాని మీద కూర్చునేవారు. కూర్చున్నప్పుడు కింద పడకపోతేనే మేకుల డబ్బా తియ్యమనేవారు. మీరూ మీ అబ్బాయీ ఆ పనే చేయండి. స్టాండు ముక్కలన్నీ ఒక్క స్క్రూ లేకుండా అమర్చి నిలబెట్టి చూడండి. బరువు పెట్టినా పట్టె తన చోట తను ఆగాలి. పక్కకి ఊగితే ఊగనివ్వండి, ఆ ఊపు ఆపడానికే తర్వాత స్క్రూలు, జిగురు, వెనక ప్లైవుడ్. కానీ కిందికి జారిందంటే కోత తప్పిందని అర్థం.

ద్వారబంధాల దగ్గరికి వద్దాం. సా మిల్లుకి తీసుకెళ్లే ముందు ఇనుము మొత్తం తియ్యాలి. లేకపోతే వాళ్ల రంపం పళ్లు పోతాయి, మీ కర్రని వెనక్కి పంపేస్తారు. గోడలోకి పట్టిన ఇనప పట్టీలు, మడతబందులు పైకి కనిపిస్తాయి. కనిపించనివి పైకమ్మిలో ఉంటాయి. ప్రతి పండక్కీ మామిడాకుల తోరణం కట్టడానికి కొట్టిన చిన్న మేకులు తలలు విరిగి, రంగు కింద కప్పడిపోయి, ఒక్క జానెడు మేరలోనే పది పన్నెండు ఉంటాయి. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం తీసి కర్ర పొడవునా మెల్లగా నడిపించండి. చెయ్యి పట్టి లాగినట్టయిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, ఒక్కొక్కటే పీకండి. మీ అబ్బాయికి ఈ పని అప్పజెప్పండి, ఒక ఆదివారం పడుతుంది.

తర్వాత సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి టేకు ఖంగుమంటుంది. లోపల చెద తిన్నచోట డొల్ల చప్పుడు వస్తుంది. నిలువు కమ్ముల కింది అడుగు మేర నేలకి దగ్గరగా నిలబడిన భాగం, దాన్ని అనుమానంతోనే చూసి కోసి పారేయండి. గడప కర్రని మాత్రం ఈ పనికి వాడొద్దు. రోజూ కడిగి కడిగి నీళ్లు తాగిన కర్ర అది. పైగా పసుపు రాసి బొట్టు పెట్టిన గడపను కోయడానికి మీ అత్తగారి మనసు ఒప్పుకోకపోవచ్చు, ఆవిడని అడగాల్సిన అవసరమే రాకుండా చూసుకోండి.

పాత ద్వారబంధాలు సాధారణంగా అయిదంగుళాలు మూడంగుళాల కొలతలో ఉంటాయి. తలుపు ఆనడానికి తీసిన గాడి పోయేదాకా చిత్రిక పట్టిస్తే అయిదు, రెండున్నర మిగులుతుంది. నిలువు కమ్ములు రెండింటిని, అయిదంగుళాల వెడల్పు అలాగే ఉంచి, మందం రెండుగా చీల్పించండి. మీకు అయిదంగుళాల వెడల్పు, దాదాపు ఒకటింపావు అంగుళం మందం బద్దలు వస్తాయి. వాటి నుంచి నాలుగడుగుల పట్టెలు నాలుగు, మిగిలిన ముక్కల్లో అడ్డపట్టెలు. మూడో కమ్మిని అడ్డం తిప్పి చీల్పిస్తే రెండున్నర అంగుళాల చదరపు కాళ్లు నాలుగూ వచ్చేస్తాయి. కాలు ఎత్తు 27 అంగుళాలు చాలు. ఇంకా ఎత్తు పెడితే నిలబడి చూడటానికి బాగుంటుంది గానీ, అడుగున్నర వెడల్పు స్టాండుకి ఎత్తు పెరిగే కొద్దీ ఊపు పెరుగుతుంది. నాలుగో కమ్మి పొరపాటుకి ఉంచుకోండి, ఎందుకంటే తొలిసారి చేసే పనిలో ఒక కోత తప్పక తప్పుతుంది.

పట్టెను పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టండి. ఒకే కర్ర, అదే బరువు. రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న కర్రని బల్లపరుపుగా వేస్తే ఎంత వంగుతుందో, నిలబెట్టి వేస్తే అందులో నాలుగో వంతే వంగుతుంది. మీ బద్దలు అయిదంగుళాల ఎత్తున నిలబడతాయి, మీ తొట్టి బరువుకి అవి ఒక మిల్లీమీటరు వంగడం కూడా గగనం. మధ్యలో అయిదో కాలు, ఆరో కాలు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. నేల మిట్టపల్లాలకి ఆ మధ్యకాలు ఒక వెంట్రుక ఎత్తున తగిలినా తొట్టి నడుం కింద రాయి పెట్టినట్టే.

ఇప్పుడు అసలైన కోత. నవారు మంచంలో పట్టె చివర కోడులోని రంధ్రంలోకి దూరుతుంది. అది చేయి తిరిగిన పని, మీకు అక్కర్లేదు. మీరు కాలి పైచివర, బయటివైపు సగం మందాన్ని అయిదంగుళాల లోతుకి కోసి తీసేయండి. అక్కడ ఒక చిన్న మెట్టు ఏర్పడుతుంది. పొడుగు పట్టె ఆ మెట్టు మీద కూర్చుంటుంది. మిగిలిన సగం పట్టె వెనక వీపులా పైకి లేచి ఉంటుంది. స్క్రూలు ఆ వీపులోకి పోతాయి. బరువంతా మెట్టు మీద, స్క్రూ పని కేవలం పట్టెని వీపుకి అంటిపెట్టి ఉంచడం. మెట్టు కోత మూలమట్టానికి సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. గీత మీద కోయకండి, గీతకి బయటివైపు కోసి, మిగిలింది ఉలితో కొద్దికొద్దిగా తీసుకుంటూ రండి. పట్టె కూర్చున్నాక మధ్యలో పోస్టుకార్డు దూరకూడదు. మీ వడ్రంగిని పక్కన పెట్టొద్దు, ఈ నాలుగు మెట్లూ ఆయన చేత కోయించండి. మేకుల గురించి ఆయన మాట నాకు నచ్చలేదు గానీ, ఉలి పట్టే చెయ్యి మనకి కావాలి.

రెండు పొడుగు పట్టెల మధ్య మూడు అడ్డపట్టెలు వేయండి, రెండు చివరలా ఒక్కొక్కటి, నడుమ ఒకటి. పొడుగు పట్టెల లోపలివైపు చిన్న దిమ్మలు జిగురుతో అంటించి, స్క్రూలు బిగించి, అడ్డపట్టెల చివరలు వాటి మీద ఆనేలా చూడండి. కింది చట్రం నేలకి నాలుగంగుళాల ఎత్తున ఉండాలి. దాని మీద పెద్ద బరువు రాదు, కాళ్లు విడిపోకుండా పట్టుకోవడమే దాని పని. పాత టేకులో స్క్రూ నేరుగా తిప్పితే మెడ విరుగుతుంది, లేదా కర్ర పగులుతుంది. 3 మిల్లీమీటర్ల బిట్టుతో ముందు కన్నం వేసి, స్క్రూ మరకి కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. రెండంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తీసుకోండి. నల్లవి చవకే గానీ మీ ఊరి గాలికి ఆగవు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. అంటించే ముఖాలని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే నీళ్లకి తట్టుకునే రకం ఫెవికాల్ రాసి బిగించండి.

వెనకవైపు మొత్తం కప్పేలా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొట్టడం మర్చిపోకండి. స్టాండు కూలడానికి బరువొక్కటే కారణం కాదు. వదులైన మంచం మీద పిల్లవాడు దొర్లితే కిర్రుమంటూ పక్కకి వాలుతుంది చూశారా, ఆ వాలు తొట్టికి చాలా ప్రమాదం. నిలువుగా 350 కిలోలు హాయిగా మోసే నాలుగు కాళ్లు, ఎవరైనా ఆనుకుంటే పక్కకి మడత పడగలవు. వెనక ఒక పలక, పక్కల రెండు పలకలు కొడితే ఆ ఊపు చచ్చిపోతుంది. ముందు వైపు తలుపులు పెట్టుకోవచ్చు.

పైపలకకి 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, అంచున ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. మామూలు కమర్షియల్ ప్లై ఐఎస్ 303, తేమకి కొంత ఆగుతుంది గానీ నీళ్లకి ఆగదు. ఇక పొడిచెక్కతో అచ్చుపోసిన రెడీమేడ్ టీవీ బల్లలున్నాయే, వాటి మీద తొట్టి పెట్టాలన్న ఆలోచన కలలో కూడా రానివ్వకండి. నా మొదటి మూడడుగుల తొట్టి అలాంటి బల్ల మీదే పెట్టాను. నీళ్లు మార్చినప్పుడల్లా జారిన చుక్కలు అంచు పట్టీ కిందికి చేరాయి. ఎనిమిది నెలలకి ఒక మూల నానబెట్టిన అటుకుల్లా ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి పోయింది. రాత్రి పన్నెండింటికి చేపల్ని బకెట్లలోకి మార్చుకుంటూ ఇంటిల్లిపాదీ మేలుకున్నాం. అప్పటినుంచి చెక్క తెగిన ప్రతి ముఖానికీ, కంటికి కనబడని అడుగుభాగానికి కూడా, ప్రైమరు పూయనిదే నేను బిగించను. మీరూ అంతే చేయండి. కాళ్ల కింది ముఖాలు, స్క్రూ కన్నాలు, ప్లైవుడ్ అంచులు ముందు. మెరిసే ముందువైపు చివర్లో.

చెద మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మీ వడ్రంగి అలవాటు కొద్దీ క్లోరోపైరిఫాస్ పూస్తానంటాడు. కట్టెకి మంచిదే, చేపలకి మాత్రం అది కాలకూటం, అతి కొద్ది మోతాదు కూడా చంపేస్తుంది. ఆరిన టేకుకి, మేడమీద గదిలో, అది అవసరం లేదు. కాళ్ల కింద నాలుగు కడప బండ ముక్కలు పెట్టండి, నేల తుడిచిన తడి కర్రకి తగలదు. రంగు, వార్నిష్ ఏదైనా సరే, వాసన పూర్తిగా పోయేదాకా ఒక వారం గాలికి వదిలి, ఆ తర్వాతే తొట్టి ఆ గదిలోకి తేవాలి. మరో మాట, దోమల మందు కొట్టే అలవాటు ఉంటే ఆ గదిలో మానేయండి. ఆ మందులూ చేపలకి విషమే.

స్టాండు తయారయ్యాక, పైపలక బిగించకముందు, దారం పరీక్ష చేయండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, మళ్లీ మిగతా రెండు మూలల మధ్య, రెండు దారాలు బిగుతుగా లాగి కట్టండి. నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉంటే నడుమ దారాలు ఒకదానికొకటి ఊపిరి తగిలినట్టు తాకుతాయి. వాటి మధ్య సందు కనిపించినా, పై దారాన్ని కింది దారం పైకి ఎత్తినా చట్రం మెలి తిరిగి ఉంది. దారాలు అటూ ఇటూ మార్చి ఇంకోసారి చూడండి. రసమట్టం చెప్పలేని తప్పు ఇది. రెండు మిల్లీమీటర్లు వాలుగా ఉన్న స్టాండు మీద తొట్టి బతుకుతుంది, రెండు మిల్లీమీటర్లు మెలి తిరిగిన స్టాండు మీద అద్దం అతుకులు విడిపోతాయి. పలక మీద అరంగుళం థర్మోకోల్ పరుస్తాం కదా, అది సర్దుకుంటుందిలే అనుకోకండి. ఇసక రేణువు అడ్డొస్తే థర్మోకోల్ కాపాడుతుంది, మెలికని కాదు. మీ తొట్టి అడుగున ప్లాస్టిక్ చట్రం ఉండి, అద్దం గాల్లో ఉంటే థర్మోకోల్ అసలు వేయకూడదు. చట్రం అంచుల మీదే అది కూర్చోవాలి.

శ్లాబు విషయంలో మీవారి జాగ్రత్త సబబైనదే. మన దేశంలో ఇళ్ల గదులకి చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కన శ్లాబు వేయాలని ప్రమాణం. పది, పన్నెండు అడుగుల గదికి అది మొత్తం మీద రెండు టన్నుల పైన. మీ తొట్టీ స్టాండూ కలిపి 400 కిలోలు. మొత్తం చూస్తే భయం లేదు, కానీ ఆ 400 ఆరు చదరపుటడుగుల్లోనే దిగుతోంది. కాబట్టి గది నడుమ పెట్టకండి. కింది అంతస్తులో దూలం లేదా గోడ ఎక్కడుందో చూసి, దాని నెత్తిన, పొడవువైపు గోడకి ఆనుకుని పెట్టండి. మీది కాంక్రీటు శ్లాబయితే ఇది చాలు. కింద చెక్క దూలాలున్న పాత మిద్దె అయితే మాత్రం ఇంజినీరు చూడకుండా మేడమీద పెట్టొద్దు, కింది గదిలోనే పెట్టుకోండి. ఆరడుగుల తొట్టి కొందామని మీ అబ్బాయి రేపు అడిగినా ఇంజినీరు మాట తప్పనిసరి.

మన ఇళ్లలో నేల తరచు కడుగు నీళ్ల కోసం గుమ్మం వైపు కొంచెం వాలు ఉంటుంది. ఆ తేడా కాలి కిందే సరిచేయాలి, తొట్టి కింద కాదు. అట్టముక్కలు తడికి నలిగిపోతాయి, సన్మైకా ముక్కలు పెట్టండి.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. ప్లగ్గు తొట్టికి పక్కన, పైన ఉండాలి, కింద అరలో వద్దు. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి ఎక్కితే, వైరు పట్టుకుని జారిన నీటిచుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. గాలి మోటారుని అందంగా ఉంటుందని స్టాండు లోపల దాస్తారు చాలామంది. కరెంటు పోయిన క్షణం తొట్టిలో నీళ్లు గొట్టం గుండా వెనక్కి జారి మోటారులోకి, అక్కడినుంచి మీ కొత్త చెక్క మీదికి వస్తాయి. నీటి మట్టం కంటే ఎత్తున గోడకి తగిలించండి, లేదా గొట్టంలో ఒకవైపే వదిలే చిన్న వాల్వు పెట్టండి.

తొట్టి ఎక్కించే ముందు, 25 కిలోల బియ్యం బస్తాలు పద్నాలుగు అరువు తెచ్చుకోండి. అవి స్టాండు మీద సమంగా పేర్చి ఒక రాత్రి వదిలేయండి. ముందువైపు పట్టె కింద దారం లాగి, పట్టెకీ దారానికీ మధ్య సందుని పేర్చకముందు, పేర్చాక కొలిచి రాసుకోండి. తెల్లారి మళ్లీ కొలిచినప్పుడు ఆ సందు మారకపోతే, స్టాండుని పక్కకి తోస్తే కిర్రుమనకపోతే, తొట్టి తెచ్చి పెట్టండి. మొదట సగం దాకానే నీళ్లు పోసి, నాలుగు అద్దాల మీద నీటి గీత పై అంచుకి ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూడండి. మూలల మధ్య రెండు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే నీళ్లు తోడేసి కాళ్ల కింద సర్దండి. సరిగ్గా ఉంటే మర్నాడు మిగతా సగం. ఇదంతా మీరిద్దరూ ఇంట్లో ఉండే శనివారం పెట్టుకోండి, పోసిన రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి టార్చిలైటుతో కింద చట్రం, నేల తడిమి చూడండి. చేపలు ఇంకో వారం ఆగినా ఏం పరవాలేదు.